ఆడ అంటే ఎక్కడ

శుక్రవారం. కార్తీకం ముగిసే వారం. పొద్దున చలి, పగలు ఎండ.

స్థలం: ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.

హాజరైనవారు: డాక్టరు గారు. స్టాఫ్ నర్సు. గోనెగండ్ల వైపు ఊళ్ల ఆశా కార్యకర్తలు, ఇద్దరు తప్ప అందరూ. అటెండరు. నేను. క్లాసు మొదలైన తర్వాత వచ్చినవారు: పత్తి కూలికి పోయే ఒకామె, ఆమె అత్త.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నాది ఇదే పద్ధతి. ముందు వారం, తర్వాత స్థలం, ఆ తర్వాత ఎవరెవరు ఉన్నారు. నా అభిప్రాయం చివర, చోటు మిగిలితే. ఆ పేజీలో చోటు మిగల్లేదు. ఈ మధ్య కొత్తగా పనిలో చేరిన ఏఎన్ఎం పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడం" అని అడిగితే ఇదే చెప్పాను. హాల్లో మా ఆయన పేపరు చదువుతున్నాడు. అందువల్ల కొన్ని మాటలు నేను గొంతు తగ్గించి చెప్పాను, కొన్ని చేతితో చూపించి సరిపెట్టాను. వాళ్లు వెళ్లిపోయాక నాకే నవ్వొచ్చింది. ఈ కేసును చేతితో చూపించి చెప్పడం కంటే చెప్పకపోవడమే మేలు. అందుకే రాస్తున్నాను.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. ఉద్యోగమంతా ఈ పడమటి మండలాల్లోనే గడిచింది, మొదట ఏఎన్ఎంగా, చివర హెల్త్ సూపర్‌వైజర్‌గా. ఇక్కడి మాట నాకు ఉగ్గుపాలతో వచ్చిందే. ‘ఇక్కడ’ని మేము ‘ఈడ’ అంటాం, ‘అక్కడ’ని ‘ఆడ’ అంటాం. పుస్తకాల తెలుగులో ‘ఆడ’ అంటే స్త్రీ. మా వైపు ఆస్పత్రుల్లో ఈ రెండు అర్థాలూ ఒక్కటైపోతాయి. నడుము కింద, తొడల పైన ఏ బాధ వచ్చినా మా ఆడవాళ్లు చెప్పే మాట ఒక్కటే. ఆడ నొస్తాంది. ఆడ మంట. ఆడ ఏందో అయింది. మూత్రం పోయే దారీ ఆడే, బిడ్డ బయటికొచ్చే దారీ ఆడే, కడుపు లోపలి గర్భసంచీ ఆడే.

మా డాక్టరు గారు కోస్తా జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు. చేరిన కొత్తలో ఒకామె "ఆడ నొస్తాంది సారూ" అంటే, "ఆడవాళ్లకే వస్తుందా అమ్మా ఈ నొప్పి?" అని అడిగాడు. ఆ మాటను మా అటెండరు మండలమంతా మోసుకు తిరిగాడు. డాక్టరు గారు మంచివాడు, పనిమంతుడు. బాగా సిగ్గరి. ఎక్కడ నొప్పి అని రెండోసారి అడగాల్సి వస్తే ఆయన చెవులు ఎర్రబడేవి. చివరికి ఆయనే నన్ను పిలిచి, "మేడం, ఆశా వాళ్లకు ఒక క్లాసు తీసుకోండి. ఆడ అంటే ఎక్కడో వాళ్లకు తెలిస్తే, వాళ్ల ద్వారా నాకు తెలుస్తుంది" అన్నాడు.

అలా పెట్టుకున్నదే ఆ శుక్రవారం క్లాసు.

హాల్లో గోడకు పటం తగిలించాను. ఒక సగం బయటి భాగాలు, ఇంకో సగం లోపలివి. క్లాసుకు ఒక్కటే నిబంధన పెట్టాను. ‘ఆడ’ అనే మాట ఎవరి నోటి నుంచి వస్తే వాళ్లు లేచి వచ్చి, ఆడ అంటే ఎక్కడో పటం మీద వేలు పెట్టి, పేరు చెప్పాలి.

మొదట ఎవరూ తలెత్తలేదు. బయటి పెదవులు, లోపలి పెదవులు అన్నాను. వాటి నడుమ పైన మూత్రద్వారం, దాని కింద యోనిద్వారం, ఇవి రెండూ వేరు వేరు అన్నాను. ఇద్దరు పిల్లల్ని కన్న ఒక ఆశా, "రెండూ ఒగటే అనుకుంటి మేడం ఇన్ని దినాలు" అంది. పక్కనున్నది "నీకు తెల్లేదంటే నమ్మొచ్చు, నీ మొగునికి గూడా తెల్లేదా" అంది. హాలంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

అందరిలోకి పెద్దావిడ ఒకామె లేచింది. "మేడం, ఇన్ని పేర్లు యాల? పేరు పెట్టి పిలిస్తే ఏమన్నా పలుకుతాదా అది?"

"అది పలకదు. డాక్టరు పలుకుతాడు" అన్నాను.

యోనిశీర్షిక దగ్గర వేలు పెట్టి, ఇదెందుకు ఉందో చెప్పమన్నాను. చివరికి నేనే, సుఖం తెలియడానికి, దీనికి ఇంకే పనీ లేదు అన్నాను. వెనక నుంచి ఎవరో నిదానంగా, "అంటే మన డిపార్టుమెంటులో డ్యూటీ ల్యాకుండా ఉండేది ఇదొగటే అన్నమాట" అన్నారు. నాకు కూడా నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతో గొంతులు తెరుచుకున్నాయి. యోని, గర్భసంచి మెడ, గర్భసంచి, దాని రెండు పక్కలా అండవాహికలు, వాటి చివర అండాశయాలు. పలకని వాళ్లు కూడా పలికారు.

మా హాలుకూ డాక్టరు గారి గదికీ నడుమ చెక్క అడ్డుగోడ. అది పైకప్పు దాకా లేదు. ఆ పక్క మాట్లాడితే ఈ పక్క వినపడుతుంది. పదకొండు దాటాక బయట ఆటో ఆగిన చప్పుడైంది. ఒకామెను ఇద్దరు పట్టుకుని లోపలికి తెచ్చారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. చీర మీద, జుట్టులో పత్తి పోగులు. నడుము వంచి నడుస్తోంది. వెంట అత్త.

"ఏమైందమ్మా?" అని డాక్టరు గారి గొంతు.

"ఆడ నొస్తాంది సారూ."

మా హాల్లో వేళ్లన్నీ పటం వైపు లేచాయి. నేను కళ్లెర్రజేశాను.

"ఎప్పటి నుంచి?"

ఈసారి అత్త జవాబు చెప్పింది. "పొద్దన్నుంచి సారూ. సేన్లో పత్తి ఇడిపిస్తా ఇడిపిస్తా కూలబడిపాయ. మొన్నట్నుంచీ రవంత నొస్తాంది అంటానే ఉండె. పని ఎగ్గొట్టేకి అంటాందేమోనని నేనే పట్టించుకోల్యా."

"మూత్రం పోసేటప్పుడు మంట ఉందా?"

"ఉంది సారూ. ఆడే మంట." ఇది మళ్లీ కోడలి గొంతు.

"నెలసరి సరిగ్గా వస్తోందా?"

మగ డాక్టరు ముందు ఆమె నోరు మెదపలేదని నాకు అర్థమైంది. మళ్లీ అత్తే అందుకుంది. "ఆపరేషన్ అయిపాయ సారూ. ఇంగ ఆ బాధల్యాం ల్యావు."

"గర్భసంచి ఆపరేషనా?"

"ఔ సారూ. సంచిదే. శానా దినాలాయ."

డాక్టరు గారు రాసుకున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లు రాకముందే గర్భసంచి తీయించుకున్న కూలి ఆడవాళ్లను ఆయన మా మండలాల్లో చాలామందిని చూశాడు. గర్భసంచి లేకపోతే నెలసరి లేదు, గర్భం మాట లేదు. ఇక మిగిలింది మంట. మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకున్నాడు. పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టమన్నాడు. "జ్వరం లేదే" అని మాత్రం నర్సుతో అన్నాడు, తనకు తానే అడుగుతున్నట్టు.

నేను క్లాసు కొనసాగించాను. పటం మీద లోపలి సగం దగ్గరికి వచ్చాం. "పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్లో ఏం చేస్తారు? ఎవరు చూపిస్తారు?" అన్నాను.

చెయ్యెత్తింది ఒక ఆశా. చురుకైన మనిషి. క్యాంపులకు ఆడవాళ్లను పిలుచుకుపోవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. గబగబా వచ్చి పటం నడుమ గర్భసంచి మీద వేలు పెట్టింది.

"ఈ సంచిని కట్టేస్తారు మేడం."

"కట్టేస్తారా? తీసేస్తారా?"

"కొందురు కట్టేస్తారంటారు, కొందురు తీసేస్తారంటారు. ఏదైతే ఏం మేడం, సంచి పనైపోతాది." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వుతూ అడ్డుగోడ వైపు తల ఊపింది. "ఇప్పుడొచ్చినాయమ్మ మా ఊరామే. ఆయమ్మకు సేపిచ్చింది నేనే గదా. రెండో కాన్పైనాక క్యాంపుకి పిల్సుకపోతి. పొద్దన పోయి మాపుకి ఇంటికొస్తిమి."

పటం చూపించే కర్ర నేను బల్ల మీద పెట్టేశాను.

క్యాంపులో గర్భసంచి తీయరు. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరే ఆపరేషన్ అది కాదు. క్యాంపులో కత్తి పడేది అండవాహికల మీద, గర్భసంచికి రెండు పక్కలా ఉండే ఆ సన్నని గొట్టాల మీద. గర్భసంచిని ఎవరూ ముట్టుకోరు. నెలసరి ఎప్పటిలాగే వస్తుంది. ఎక్కడో ఒకరికి తెగిన గొట్టం మళ్లీ కొద్దిగా అతుక్కుంటుంది. అప్పుడు నిలిచే పిండం గర్భసంచి దాకా చేరలేక గొట్టంలోనే పెరగడం మొదలుపెట్టవచ్చు. గొట్టం ఎంతని సాగుతుంది? ఒక రోజు పగులుతుంది. రక్తం బయటికి రాదు, కడుపులోకి పోతుంది. బయట ఏమీ కనపడదు.

అంటే అడ్డుగోడ అవతల పడుకున్న ఆమెకు గర్భసంచి ఉంది. నెలసరి రావాలి. వస్తోందా అని డాక్టరు గారు అడిగిన ప్రశ్నకు అత్త ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పింది.

నేను వెళ్లేసరికి ఆమె కళ్లు సగం మూసుకుని ఉంది. నుదుటి మీద చెమట, ముట్టుకుంటే చల్లగా ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. అత్త మంచం పక్కన కూర్చుని ఆమె కుడి భుజం పిసుకుతోంది.

"భుజం ఎందుకమ్మా పిసుకుతున్నావు?"

"ఆడా నొస్తాందంట నర్సమ్మా. పత్తి మూట మోసింది గదా."

కడుపులో రక్తం చేరి పైకి ఎగదన్నితే ఆ నొప్పి భుజం మీద తెలుస్తుంది. పుస్తకంలో చదివాను, మా గురువమ్మ చెప్పగా విన్నాను. కళ్లతో చూడటం అదే మొదటిసారి.

అత్తను గుమ్మం దాకా వెళ్లమని, నేను ఆమె చెవి దగ్గర వంగాను. పుస్తకం మాట పక్కన పెట్టి ఇంటి మాటలో అడిగాను. "బయటెప్పుడు కూర్చుంటివి, పాపా?"

"పోయిన నెల కాల్యా నర్సమ్మా. మొన్న రవంత మచ్చ కనపడె. అదే అనుకుంటి."

"ఎవరికన్నా చెప్పినావా?"

"ఆపరేషన్ అయింది గదా. ఏమని సెప్పాల?"

"నొప్పి యాడ? మాట వద్దు. చెయ్యి పెట్టి చూపించు."

ఆమె చెయ్యి మూత్రం దారి వైపు పోలేదు. బొడ్డు దాటి కిందికి వచ్చి, పొత్తికడుపులో కుడి మూల ఆగింది. నేను అక్కడ వేళ్లు ఆనించానో లేదో, ఆమె నా మణికట్టు పట్టేసుకుంది.

నేను డాక్టరు గారి గుమ్మంలో నిలబడి చెప్పాను. "సార్, ఆమెకు గర్భసంచి ఉంది. క్యాంపులో కట్ చేసింది ట్యూబులు. నెల తప్పింది. భుజం నొప్పి ఉంది."

ఆయన కుర్చీ వెనక్కి పడింది. ఆ తర్వాత ఆయన సిగ్గు ఏమైందో నాకు తెలియదు. ఎందుకు, ఎలా అని ఒక్క మాట అడగలేదు. బీపీ చూశాడు, రెండో చేతికి కూడా సూది పెట్టమన్నాడు, మూత్రం తీసి గర్భ పరీక్ష కార్డు మీద వేయమన్నాడు, ఒక చేత్తో ఆమె నాడి పట్టుకునే రెండో చేత్తో ఆదోని పెద్దాస్పత్రికి ఫోన్ చేశాడు. అంబులెన్సు దగ్గర్లోనే ఉందని అటెండరు అరిచాడు.

కార్డు నర్సు చేతిలో ఉంది. తలుపు దగ్గర గుమిగూడిన ఆశాల్లో ఎవరో మెడ చాపి చూసి, "రెండు గీతలు" అన్నారు.

రెండు గీతలంటే ఏమిటో మా ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. గుమ్మం దగ్గర కూర్చున్న అత్త లేచి నిలబడింది.

"కడుపా?"

నర్సు కార్డును వెనక్కి దాచుకుంది.

"ఆపరేషన్ అయినోళ్లకు కడుపెట్ల వస్తాది?" అని మా అందరి ముఖాలూ చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగి, గొంతు పెంచకుండా అడిగింది. "ఎవురిదే?"

మంచం మీది మనిషి కళ్లు మూసుకుంది. ఆ మూసుకోవడం నాకు నచ్చలేదు. "నన్నిట్లే ఇడిసిపెట్టండి" అంది. చాలా మెల్లగా. నాకూ డాక్టరు గారికీ మాత్రమే వినపడింది.

అంబులెన్సులో లోపల డాక్టరు గారూ నేనూ, ముందు డ్రైవరు పక్కన అత్త. బయలుదేరగానే ఆమె ఫోన్ తీసింది. నడుమ చిన్న కిటికీ తెరిచే ఉంది. "ఒరే నాయనా, నీ పెండ్లాం కడుపుతో ఉందంట. ఔరా, కడుపే. ఆదోని ఆస్పత్రికి తోల్కపోతాండారు. రా, వచ్చి సూడు." నేను కిటికీ మూశాను, కానీ మాట అప్పటికే ఆదోని చేరిపోయింది. కొడుకు అక్కడ పత్తి మార్కెట్టులో హమాలీ.

అది పత్తి కాలం. ఆదోని దగ్గర పడేకొద్దీ రోడ్డు మీద ట్రాక్టర్లు, లారీలు, మార్కెట్టు వైపు బారులు తీరి ఉన్నాయి. పత్తి లోడు రోడ్డుకు రెండు పక్కలా ఒరిగి ఉంటుంది. దాన్ని దాటి పోవడం కాదు, పక్కకు జరుపుకోవడం కూడా కష్టం. సైరన్ మోగుతూనే ఉంది. ఒకచోట పూర్తిగా ఆగిపోయాం. డాక్టరు గారు బాటిల్ నా చేతికిచ్చి, తలుపు తీసుకుని దూకి, కోటు ఎగరేసుకుంటూ ట్రాక్టర్ల ముందుకు పరుగెత్తాడు. "జరగండన్నా, జరగండి, మనిషి పోతుంది" అని ఆయన కోస్తా గొంతుతో అరుస్తుంటే డ్రైవర్లు విడ్డూరంగా చూశారు, కానీ జరిగారు. ఆమె నాడి నా వేళ్ల కింద సన్నని దారంలా ఉంది. "పాపా, నీ పిల్లలేం సదువుతాండారు?" అని అడుగుతూనే ఉన్నాను. మొదట చెప్పింది. తర్వాత చెప్పలేదు.

ఆస్పత్రి మెట్ల దగ్గర స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఒక్క చూపు చూసి, "లోపలికి" అంది. వెనక్కి తిరిగి, "రక్తం ఇక్కడ ఉన్నది చాలదు. ఇంటివాళ్లు ఎవరు?" అని అడిగింది.

అతను గేటు పక్కన నిలబడి ఉన్నాడు. తల నిండా పత్తి, భుజం మీద బేళ్లు లాగే ఇనుప కొక్కెం. తల్లి అతని చెవిలో ఏదో చెబుతూనే ఉంది. నేను వెళ్లి, "నువ్వేనా? రా, రక్తం ఇవ్వాలి" అన్నాను. అతను కదల్లేదు.

"ఆపరేషన్ సేపిస్తిమి గదా" అన్నాడు, నేల చూస్తూ.

"చేయించినారు."

"సంచి కట్టినారు గదా."

"కట్టలేదు. సంచిని ఎవరూ ముట్టుకోలేదు. మీకు తప్పు చెప్పినారు."

అప్పుడు తలెత్తాడు. నా దగ్గర పటం లేదు, కర్ర లేదు. ఎదురుగా ఒక మగవాడు, చుట్టూ జనం. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అర్థం కాలేదు.

"మీ ఊరికి కాలువ ఉందా?" అని అడిగాను.

"ఉంది."

"విను. ఆడదాని కడుపులో ఒక సంచి ఉంటుంది. గర్భసంచి. అది చేను అనుకో. దానికి కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, రెండు పిల్లకాలువలు. గింజ ఆ కాలువల్లోంచే చేనికి రావాలి. మీ ఆపరేషన్లో చేనిని ఏమీ చేయలేదు. ఆ రెండు కాలువలకూ కట్ట వేసినారు. గట్టి కట్టే వేసినారు. కానీ నువ్వు కట్ట వేసిన కాలువలో ఎప్పుడూ సందు పడలేదా?"

అతను ఆలోచించాడు. "పడతాది. ఎండ్రకాయ తొలిచినా పడతాది."

"అంతే. రవంత సందు పడింది. గింజ వచ్చింది కానీ చేను చేరలేదు. కాలువలోనే మొలిచింది. కాలువలో చెట్టు పెరుగుతుందా? కాలువ పగిలింది. ఇప్పుడు నీ పెండ్లాం కడుపంతా నెత్తురు."

"మరి గింజ..." అని ఆగాడు. అడగలేకపోయాడు.

"గింజ నీదే. కట్టకు సందు పడితే ఆ తప్పు ఆమె మీద వేయొద్దు. అది ఎట్లా ఐనా బతకదు. ఈమె బతకాలంటే రక్తం కావాల."

తల్లి మధ్యలో, "నర్సమ్మ అట్లనే సెప్తాదిరా, వాళ్లు సేసిన తప్పు..." అంటోంది. అతను భుజం మీది కొక్కెం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పట్టుకోమ్మా. ఇంగ గమ్మునుండు."

అని నన్ను దాటుకుని లోపలికి నడిచాడు. కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగి, "యాడ, ఎటు పోవాల?" అని అడిగాడు. మార్కెట్టు నుంచి అతని తోటి హమాలీలు నలుగురైదుగురు వచ్చారు. వాళ్లు కూడా చేతులు చాపారు.

మేము మెట్ల మీద కూర్చున్నాం. అత్త దూరంగా ఇంకో మెట్టు మీద, ఆ కొక్కెం ఒడిలో పెట్టుకుని. డాక్టరు గారి చొక్కా మీద చెమటో, పత్తి దుమ్మో, రెండూనో. చాలాసేపటికి ఆయన అన్నాడు.

"మేడం, నేను అడిగిన ప్రశ్న సరైనదే."

"సరైనదే సార్."

"ఆవిడ చెప్పిన జవాబు అబద్ధం కాదు."

"కాదు."

"అదే నాకు భయంగా ఉంది."

ఎండ వాలాక డాక్టరమ్మ బయటికి వచ్చింది. కుడి వైపు అండవాహిక పగిలిందనీ, దాన్ని తీసేశాననీ, ఇంకాస్త ఆలస్యమైతే చేయగలిగింది ఉండేది కాదనీ చెప్పింది. మనిషి బతికింది. డాక్టరు గారు లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఆయన వైపు చూడలేదు.

ఇప్పుడు పనిలోకి వస్తున్న మీకు నేను చెప్పదలుచుకున్నది పెద్దగా ఏమీ లేదు. మందులు, మిషన్లు మాకంటే మీకే ఎక్కువ తెలుసు. ఒక్కటి మాత్రం చేయండి. రోగి చెప్పిన మాటకు మీ మనసులో ఒక అర్థం తట్టగానే రాసుకోకండి. చెయ్యి పెట్టి చూపించమనండి. ఆపరేషన్ అయింది అంటే ఏ ఆపరేషన్ అని కాదు, ఎక్కడ చేశారు, ఎన్నాళ్లు పడుకోబెట్టారు, ఆ తర్వాత నెలసరి వచ్చిందా అని అడగండి. అత్తను, మొగుణ్ణి బయటికి పంపి అడగండి.

ఇంకొకటి. ఈ మాటలు పలకడానికి సిగ్గుపడకండి. నేను సర్వీసంతా గమనించాను. ఈ భాగాల పేర్లు మా బజార్లలో గట్టిగా వినపడనిదెప్పుడు? లారీవాడికి ఆటోవాడు అడ్డమొస్తే వినపడతాయి. నీళ్ల పైపు దగ్గర గొడవైతే వినపడతాయి. తిట్టడానికి అందరికీ నోరు వస్తుంది. నొప్పి చెప్పుకోవడానికి మాత్రం ఆ భాగం ఉన్నామెకే రాదు.

ఆ ఆశా కార్యకర్త సంగతి కూడా చెప్పాలి. ఆమె ఆ రోజంతా ఏడ్చిందట. నేను ఆమెను ఏమీ అనలేదు. ఆమె తన ఊళ్లో అన్నేళ్లుగా ‘సంచి’ అని చెబుతుంటే సరిదిద్దినవాళ్లు లేరు. ఆమె ఆ రోజు ధైర్యంగా లేచి తప్పు చోట వేలు పెట్టింది. పెట్టకుండా కూర్చుని ఉంటే మాకు తెలిసేది కాదు.

మరుసటి రోజు శనివారం. పొద్దున్నే మొదటి బస్సుకు ఎమ్మిగనూరు నుంచి ఆదోని వెళ్లాను. ఆమె వార్డులో దిండుకు ఆనుకుని ఉంది. ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. మొగుడు పక్కన బల్ల మీద కూర్చుని నిద్రపోతున్నాడు.

"ఏం తీసినారు నర్సమ్మా?" అని అడిగింది.

"కుడి పక్క గొట్టం. అండవాహిక. ఎడమ పక్కది ఉంది. గర్భసంచి ఉంది. అండాశయాలు ఉన్నాయి. నెలసరి వస్తుంది. రాకపోతే అదే రోజు నా దగ్గరికి రావాలి."

ఆమె పెదవులు కదిలించి ఒక్కొక్కటే లోపల చెప్పుకుంది. "ఆయనకు సెప్పినావా ఇదంతా?"

"చెప్పినాను."

ఆమె నిద్రపోతున్న మనిషి వైపు చూసింది.

నేను బయటికి వస్తుంటే వరండా మూలలో అత్త నా కొంగు పట్టుకుంది. రాత్రంతా ఆడనే ఉన్నట్టుంది, కళ్లు వాచి ఉన్నాయి. కోడలిని గురించి ఏదో అడుగుతుందనుకున్నాను.

"నర్సమ్మా, నిన్న నా కొడుక్కి సెప్పితివే, సంచి అని. ఆ సంచి కిందికి వస్తాదా?"

"వస్తుంది. ఎందుకు?"

ఆమె అటూ ఇటూ చూసింది. "నాకు వచ్చి శానా ఏండ్లాయ. నడిస్తే తొడలకు తగుల్తాది. పనికి పోయే ముందర లోపలికి నెట్టుకుని గుడ్డ బిగించుకుంటా. వంగితే మళ్లీ వస్తాది."

"ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని సెప్పాల? అదేందో తెలిస్తే గదా."

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఓపీ చీటీలు రాసే కిటికీ దగ్గరికి తీసుకుపోయాను. వరుసలో ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే ఉన్నారు. మా వంతు వచ్చింది. లోపలున్న అబ్బాయి తల వంచుకుని రాసుకుంటూనే అడిగాడు. "ఏం బాధ అవ్వా?"

ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ చట్రం వైపు చూస్తూ నిలబడ్డాను. మా వెనకున్న మనిషి త్వరపడమని గొంతు సవరించుకున్నాడు.

"గర్భసంచప్పా" అంది ఆమె. "జారింది. రాసుకో."

అబ్బాయి కలం ఆగింది. ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ వంచి రాసుకున్నాడు. చీటీ చేతికిచ్చాడు. మేము రెండడుగులు వేశామో లేదో, వరుస చివర నిలబడిన ఒకామె బిడ్డను చంకకు ఎత్తుకుని పక్కకు జరిగి మా దారికి అడ్డొచ్చింది.

"ఏమంటివి అవ్వా?" అని అడిగింది. "మళ్లీ ఒగసారి సెప్పు."